నూటికి నూరు మార్కులు

"ఆ సూది కాసేపు ఆపు తల్లీ. ఆయన భోజనం ముట్టలేదు."

బ్రెన్నా చేయి గాల్లోనే ఆగిపోయింది.

అన్నది ఎఫువా. ఆ వార్డులో పక్కలు మార్చి, ఒళ్లు తుడిచి, పళ్లేలు తీసే ఆయా. ఘనా నుంచి అమెరికాలోని ఈ కొలంబస్ నగరానికి వచ్చి మూడేళ్లయింది.

బ్రెన్నా ఇంకా నర్సు కాలేదు. పదేళ్లు మ్యూజియంలో పాత కుండలకు చీటీలు రాసింది. కుండలు పలకవు, మనుషులు కావాలనిపించి ముప్పై నాలుగో ఏట, చేతిలో ఉన్న చరిత్ర డిగ్రీతోనే నర్సింగ్ ఎమ్మెస్‌లో చేరింది. రెండేళ్లు చదివితే నర్సయిపోవచ్చు. వారానికి రెండు రోజులు ఈ ఆసుపత్రిలో పని నేర్చుకుంటోంది.

మంచం మీద హోస్టెట్లర్ గారు, షుగరున్న పెద్దాయన. పక్కనే ఉన్న సీనియర్ నర్సు గేల్ పళ్లెం మూత ఎత్తి చూసింది. తిన్న ఆనవాలు లేదు. మళ్లీ పరీక్షిస్తే షుగరు అప్పటికే డెబ్బైకి దిగి ఉంది. ఆ ఇన్సులిన్ పొడిచి ఉంటే పెద్దాయన స్పృహ తప్పేవాడే.

గేల్ ఎఫువాకు థాంక్స్ చెప్పింది. బ్రెన్నా చెప్పలేదు. రోగి ముందు, అదీ పళ్లేలు తీసే ఆమెతో చెప్పించుకున్నానే అని తల కొట్టేసినట్టయింది.

ఆ వారం కాలేజీలో పాఠం, ఆసుపత్రిలో ఎవరి పనికి ఎంత హద్దు అన్నది. మందుల సంగతి మాట్లాడే హక్కు ఆయాకు లేదు. హద్దు దాటినవాళ్లను మీరెక్కడైనా చూస్తే రాసుకు రమ్మని హోంవర్క్ ఇచ్చారు.

బ్రెన్నాకు వెతుక్కునే పని లేకపోయింది. పేరుతో సహా రాసేసింది. ఎఫువా మాట నిజమైందన్న సంగతి మాత్రం రాయలేదు.

నూటికి నూరు వచ్చాయి. ప్రొఫెసరమ్మ మెచ్చుకుని, నియమం ప్రకారం ఆ కాగితాన్ని ఆసుపత్రికి పంపింది.

ఆ మురిపెం రెండు రోజులు కూడా నిలవలేదు. తప్పు చేశానని మనసు పీకుతూనే ఉంది. తర్వాతి వారం ఎలాగైనా క్షమించమని అడుగుదామని వస్తే, పళ్లేలు ఇంకెవరో తీస్తున్నారు.

ఎఫువా రాలేదా అని అడిగింది.

గేల్ తలెత్తకుండానే చెప్పింది. "బట్టలుతికే చోటికి వేశారు. నీ కాగితం చలవే."

"ఆమెదే రైటు గేల్. ఆ మాట పైవాళ్లకి నేనే రాసిస్తాను."

"ఇప్పుడా? నేనూ చెప్పి చూశాను, కాలేజీ నుంచి వచ్చిన కాగితమే చూస్తామన్నారు. ఫిర్యాదు ఉందని, లైసెన్సు బోర్డుకు పంపాల్సిన ఆమె నడవడి ఉత్తరం మీద వాళ్లు సంతకం పెట్టలేదు. బోర్డు గడువు నిన్నటితో సరి. పదకొండు నెలలు కాచుకు కూర్చుంది, పాపం."

"ఏం లైసెన్సు?"

"నర్సు లైసెన్సు."

"ఆమె కూడా నాలాగే చదువుకుంటోందా?"

గేల్ అప్పుడు చూసింది ఆమె కళ్లలోకి.

"చదువుకోవడమేంటి? ఇరవై రెండేళ్లు వాళ్ల దేశంలో నర్సులకు పాఠాలు చెప్పిన ప్రిన్సిపాల్ ఆవిడ."