అసలు మందు

"జబ్బు ముదిరిందట. ఆస్పత్రికి పంపమని అర్జీ పెట్టుకున్నాడు. నువ్వేమంటావమ్మా?" వకీలు ఫోను తెర మీద నుంచి జడ్జి అడిగాడు.

అంటువ్యాధికి కోర్టు తలుపులు మూసినా విచారణలు ఫోన్లలో సాగుతున్నాయి. అదే తెరలో ఒక మూల, జైలు గోడకు జారగిలబడి రొప్పుతున్నాడు మందుల షాపువాడు. వాడమ్మిన నకిలీ ఇంజెక్షనుకే వకీలు పక్కన కూర్చున్న ఈ దర్జీ తల్లి కూతురు పోయింది.

"అక్కడే చావనీండి బాబూ! నా బిడ్డా ఇలాగే ఊపిరాడక గిలగిల్లాడింది."

వకీలు గబుక్కున మైకు ఆపాడు.

"పిన్నీ, తీర్పు రాకముందే వాడు పోతే కేసు మూసేస్తారు. వాడు నేరం చేశాడని ఏ కాగితం మీదా ఉండదు."

వాడి చావు కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. ఆ మొక్కు తీరితే గట్టెక్కేది వాడే!

మైకు పెట్టమని సైగ చేసింది.

"పంపండయ్యా. పెద్ద డాక్టరుకే చూపించండి. మందు మాత్రం అసలుదే ఇప్పించండి."

తెరలో వాడు రొప్పుతూనే రెండు చేతులూ జోడించాడు.

"దణ్ణాలెందుకురా? తీర్పు నాడు నీ కాళ్ల మీద నువ్వు నిలబడి వినాలి. అందాకా చావకు."