తిట్టని ఆఫీసర్

గేటు ముందు ఆటో ఆగింది. ఒకావిడ దిగింది.

"ఏవండీ, విజయేందర్ గారంటే మీరేనా? దయచేసి ఒక్క నిమిషం మాట్లాడనిస్తారా? సైబర్ ఆడిట్ గురించి..."

ఆడిట్ అనగానే విజయేందర్ చేతిలో పని వదిలేశాడు.

బోయిగూడ గల్లీలో మూడు లేతు మిషన్లు, ఒక కంప్యూటరు. అదే అతని లోకం. క్షిపణులు చేసే కంపెనీకి చిన్న చిన్న పార్టులు లేతు మీద చెక్కి ఇస్తాడు. వాటి డ్రాయింగులన్నీ ఆ కంప్యూటర్లోనే.

అవి భద్రంగా ఉన్నాయా అని చూసేదే ఆడిట్. బయటికి పొక్కితే ఆర్డరు ఊడుతుంది. ఆర్డరు ఊడితే షట్టరు దించుడే.

అందుకే కంపెనీవాళ్లు గోడకు పోస్టరు అంటించిపోయారు. తెలియని నంబరు ఎత్తొద్దు. తెలియనివాళ్లను నమ్మొద్దు.

"కార్డు ఉందా మేడం?"

ఆమె మెడలోని కార్డు ముందుకు చాపింది.

కంప్యూటర్ చూసే కిషన్ చెవిలో గొణిగాడు. "అన్నా, కార్డులు గల్లీకొకడు కొట్టిస్తుండు. పొద్దటి సంది ఫోన్ల మీద ఫోన్లు జేసింది సుత గీమెనే. బ్లాక్ కొట్టిన."

"దొంగదని ఎట్ల జెప్తవ్‌రా?"

"ఆఫీసరోళ్లు దయచేసి అంటరా? ఆటోల వస్తరా?"

ఆ మాటతో ఆమె దొంగేనని విజయేందర్‌కు నమ్మకం కుదిరింది. ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడు! అతనితో దయచేసి అన్న మొగోడు లేడు.

"నాకేమీ వద్దండి. కంప్యూటర్ ముట్టుకోను. పాస్‌వర్డ్ నేనడిగినా చెప్పకండి. ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను."

"ఏమీ వద్దనే ఆఫీసరా!" కిషన్ పకపకా నవ్వాడు. "పో తల్లీ, ఇంకో గల్లీ చూస్కో."

గేటు పడింది.

ఆమె ఎండలోనే నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ "ఏవండీ" అంది.

విజయేందర్ లేతు ఆన్ చేశాడు. ఆ రొదలో ఆమె మాట కొట్టుకుపోయింది.

మర్నాడు గల్లీ దద్దరిల్లేలా హారన్ కొడుతూ తెల్లకారు వచ్చింది. అందులోంచి ఒకాయన దిగాడు.

"కౌన్ హై ఓనర్? ఆడిట్ అంటే తమాషా ఉందారా? సీల్ వేస్తా, ఏమనుకుంటున్నవ్!"

విజయేందర్ ఉరికి కుర్చీ వేశాడు. కార్డు అడగాలన్న సోయి ఎవరికీ లేదు.

"పాస్‌వర్డ్!"

"చెప్పురా కిషన్, సార్‌కు."

వచ్చినాయన పెన్‌డ్రైవ్ పెట్టాడు. కంప్యూటర్‌ను తిట్టాడు, కిషన్‌ను తిట్టాడు, తెచ్చిన చాయ్‌ని కూడా తిట్టి తాగాడు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"చూసినవా అన్నా? ఆఫీసరంటే గిట్లుంటడు!"

పీడ వదిలిందని విజయేందర్ నడుం వాల్చాడు.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి సైలస్ సార్ ఫోన్ చేశాడు. ఆర్డర్లిచ్చేది ఆయనే.

"విజయేందర్, మన డ్రాయింగులు బయటికి పోయాయయ్యా. నీ షాపుకు ఎవరొచ్చారు?"

"ఆడిట్ సార్ వచ్చిండు గద సార్. మస్తు తిట్టిండు సుత."



"వాడు దొంగయ్యా," అన్నాడు సైలస్ సార్ అలసటగా. "అట్లాంటోడు తిరుగుతున్నాడు, లోపలికి రానివ్వొద్దని చెప్పడానికే, నువ్వు ఫోన్ ఎత్తట్లేదని ఎండలో ఆటో కట్టించుకుని బయల్దేరింది మా అసలు ఆడిట్ ఆఫీసర్ బ్యూలా మేడం... నీ గేటు దాకా రాలేదా?"