చుక్క నిలవని కర్ర

"ఇంకోసారి పిండు," అన్నాడు ఫిట్టర్.

కూతురు పిడి మీద మీట నొక్కింది. కర్ర చివర గుడ్డ మెలితిరిగి బకెట్లోకి నీళ్లు కక్కింది. ఆమె నడవాలో రెండు బారల మేర తుడిచింది. ఆయన మోకాళ్ల మీద వంగి, పలక మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

"చెమ్మ ఉంది."

"అది నీ చెమట నాన్నా."

ఆయన నవ్వలేదు. మీట దగ్గర మర విప్పి మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఇనుము అరగదీసిన మనిషి. ఇప్పుడు తుడుపుకర్ర చేస్తున్నాడు. కర్ర ఒకటే, తలలు మూడు. ఊడవడానికి కుచ్చు, తుడవడానికి గుడ్డ, నిలిచిన నీళ్లు లాగడానికి రబ్బరు పట్టీ. కూతురి చేతిలో ఉన్నది నాలుగోది. రేపు కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చితే వేల మీద చేయిస్తారట.

పదకొండు నెలల క్రితం ఈ నడవాలోనే ఆయన భార్య జారిపడింది. తల గడపకు తగిలింది. మళ్లీ లేవలేదు. పనిమనిషి తడిగుడ్డ పెట్టి, ఆరేదాకా ఆగకుండా వెళ్లిపోయిందని ఆయన ఫోన్లో కూతురికి చెప్పాడు. పలకరించడానికి వచ్చినవాళ్లకూ అదే చెప్పాడు. వీధి వీధంతా ఆ మాట మోసింది. మోయడానికి వీధికి ఎప్పుడూ ఓపికే.

"దీనికి అమ్మ పేరు పెడదాం నాన్నా."

"వద్దు."

"అమ్మ కోసమే కదా చేస్తున్నావు?"

"పేరు పెడితే నేల ఆరదు."

ఎవరో తలుపు తట్టారు. కూతురు వెళ్లి తీసింది. పాత పనిమనిషి. చెప్పులు కింది మెట్టు మీదే వదిలి, గుమ్మం అవతలే నిలబడింది.

"నీకేం పని ఇక్కడ?" అంది కూతురు.

"ఎదురింటి పెద్దమ్మగారు పనిలోకి పిలిచారమ్మా. అయ్యగార్ని ఒక్కమాట అడిగి చెప్తానన్నారు. ఏడాది కావస్తోంది, ఈ వీధిలో నన్ను ఒక్కరూ గుమ్మం ఎక్కనివ్వరు. హోటల్లో అంట్లు తోముతున్నా. చేతులు చూడండి, ఎలా పాసిపోయాయో."

"చూశాంలే. ఆ చేతులే కదా మా అమ్మని తీసుకుపోయింది."

"ఆ రోజు నేను పనికి రాలేదమ్మా."

మర బిగుస్తున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"రాలేదా?"

"మా అమ్మకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లా. రానని ముందురోజే అమ్మగారికి చెప్పా."

"ఎంత తెలివే నీది! విన్న మనిషి పోయింది, ఇంక సాక్ష్యానికి రాదు. ఆస్పత్రి చీటీ ఉందా?"

"పాత చీటీ ఎవరు దాస్తారమ్మా?"

"అవసరమున్నవాళ్లు దాస్తారు. మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మూడుసార్లొచ్చా. అయ్యగారే గేటు దగ్గర్నుంచే పొమ్మన్నారు."

కూతురు వెనక్కి తిరిగింది. "వచ్చిందా నాన్నా? నాకు చెప్పలేదే?"

"వచ్చింది. తప్పు చెయ్యనివాళ్లు ఒక్కసారి వస్తారు. చేసినవాళ్లు మూడుసార్లు వస్తారు."

కూతురికి ఆ మాట నచ్చింది. పనిమనిషి కళ్లలోకి చూసింది. ఆ కళ్లు నిలకడగా లేవు. మాటిమాటికీ కర్ర మీదికి పోతున్నాయి.

"నువ్వు రాకపోతే నేల ఎలా తడిసింది? ఇంట్లో వాన కురిసిందా?"

"అదే నేనూ అడుగుతున్నానమ్మా."

ఈలోపు ఎదురింటి ముసలావిడ వీధి దాటి వచ్చింది. గుమ్మంలో పనిమనిషిని చూసి కాస్త ఇబ్బందిపడింది.

"నువ్వూ ఇక్కడే ఉన్నావూ! మంచిదే, ముఖాముఖీ తేలిపోతుంది. ఫిట్టర్ గారూ, దాచకుండా చెప్పండి. ఈ మనిషి చేతిపని ఎలాంటిది?"

పనిమనిషి ఆయన వైపు చూసింది. చేతులు జోడించలేదు గానీ, జోడించినట్టే ఉంది.

ఆయన కర్ర గోడకు ఆనించాడు. "పని శుభ్రమే. నేల మాత్రం ఆరనివ్వదు."

"అయ్యో. మా ఆయన చేతికర్ర మీద నడిచే మనిషి. మా ఇంటికి వద్దులేమ్మా, ఏమీ అనుకోకు," అని ముసలావిడ వచ్చినదారినే వెళ్లిపోయింది.

పనిమనిషి ఏడవలేదు. మెట్టు దిగి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

"నేను నేల తడిగా వదిలేసేదాన్నైతే, ఆరేళ్లు అమ్మగారు ఈ ఇంట్లో ఎలా నడిచారు అయ్యగారూ?"

జవాబు కోసం ఆగకుండా గేటు దాటింది.

కూతురు తలుపు వేసింది. చాలాసేపు గడియ మీద చెయ్యి తియ్యలేదు.

"నాన్నా, ఆ రోజు దాన్ని కళ్లారా చూశావా నువ్వు?"

"నీళ్లు చూశాను. చాలదూ?"

"అంతేలే," అంది కూతురు. "ఇంకెవరు తుడుస్తారు? అమ్మ వంగలేదాయె. ఎంత అమాయకంగా మొహం పెట్టిందో చూడు, నేనే ఒక్కక్షణం నమ్మేశాను."

ఆయన కర్ర అందుకున్నాడు. నీళ్లలో ముంచి, మీట నొక్కి, ఈసారి తనే నడవా ఆ చివర నుంచి ఈ చివరకు తుడుచుకుంటూ వచ్చాడు. వంగి అరచెయ్యి ఆనించాడు. గడప దగ్గర ఇంకోసారి ఆనించాడు. చెయ్యి పొడిగా ఉంది.

"కుదిరింది," అన్నాడు.

కూతురు కళ్లు తుడుచుకుంది.

"ఈ కర్రేదో ముందే చేసుంటే అమ్మ బతికేది నాన్నా."

ఆయన గుడ్డ పిండి, కర్రను గోడకు ఆనించాడు.

ఆ రోజు భార్య జారిపడింది ఆయన మొదటి కర్ర వదిలిన తడి మీదే.