ఇరవై రెండు నిమిషాలు

బేరానికి వచ్చేటప్పటికి అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఇరవై ఆరు ఖాళీ గడులు. విరామాల రిజిస్టరులో ఈ నెల అతను ఒక్క సంతకం కూడా పెట్టలేదు. రేపు పొద్దున్నే కార్మిక శాఖ తనిఖీ. ఇంతకు మించి ఏ దన్నూ లేకుండానే, ఇంకా ఎనిమిది కాకముందే మేనేజర్ బల్ల ముందు నిలబడ్డాడు.

"ముందు సంతకాలు గీకవయ్యా," అన్నాడు మేనేజర్, పెన్ను మూత తీసి అందిస్తూ. "ఒంటిగంట నుంచి ఒంటిన్నర దాకా భోజన విరామం తీసుకున్నట్టు. నాలుగేళ్ళుగా పెడుతున్నావు, ఈ నెల చెయ్యి నొప్పి పుట్టిందా?"

"తీసుకోలేదు కద సార్."

"అంటే నాలుగేళ్ళూ పస్తులున్నావా?"

"తిన్నాను. లారీకీ లారీకీ మధ్య ఒక్కో ముద్ద."

అతను కాటా మనిషి. సరుకుల యార్డు గేటు పక్కన లారీలను తూచే అద్దాల గది అతనిది. ఒక కుర్చీ, ఒక తెర, ఒక కిటికీ. పొద్దున ఎనిమిదికి అందులో కూర్చుంటే సాయంత్రం ఐదు దాకా లేవడానికి లేదు. లారీ లోపలికి వచ్చినా కాటా ఎక్కాలి, బయటికి పోయినా ఎక్కాలి. రెండు నిమిషాలు పక్కకు పోతే చాలు, రోడ్డు దాకా హారన్లు మోగిపోతాయి. అందుకే నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతాడు.

ఐదు గంటల పనికి అరగంట విరామం ఇవ్వాలన్న నోటీసు మేనేజర్ గది గోడకే అంటించి ఉంది. దానికి అడ్డంగా బీరువా పెట్టించారు. అతను సంతకం పెట్టడానికి వచ్చినప్పుడల్లా గోడకు చెంప ఆనించి, ఆ సందులోంచి ఒక్కో లైను చొప్పున మొత్తం చదివేశాడు.

మేనేజర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. పావుగంట తీసుకో."

"అరగంట సార్."

"అయితే రెండున్నరకు పో. అప్పుడు లారీలు పలచగా ఉంటాయి."

"ఎనిమిదికి కూర్చున్నవాడికి ఐదు గంటలు నిండేది ఒంటిగంటకే."

"పోనీ ఇలా చేద్దాం. వేడివేడిగా భోజనం నీ గదికే పంపిస్తా. మెత్తటి కుర్చీ వేయిస్తా. దర్జాగా కూర్చో!"

"కూర్చోవడమే కదా సార్ గొడవ. నేను లేవాలి. గేటు దాటి బయటికి పోవాలి."

"ఎక్కడికి?"

"అది చెప్పాలని నోటీసులో లేదు సార్."

మేనేజర్‌కు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఏమయ్యా లాయరూ, ఒక్కరే కూర్చునే సీటుకి విరామం ఈ ఊళ్ళో ఎవరిస్తున్నారో చూపించు!"

"ఎవరూ ఇవ్వట్లేదు. నాకు బాగా తెలుసు."

"మరి?"

"అందుకే అడుగుతున్నా."

"నువ్వు లేస్తే కాటా దగ్గర ఎవరు కూర్చోవాలి? నేనా?"

అతను పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. బేరంలో మాట ఎక్కడ ఆపాలో తెలిసినవాడే గానీ, ఈ కుర్చీ పోతే ఇంకోటి దొరకడం కష్టం. దొరికినా అదీ ఇలాంటి బోనే అవుతుంది. ఎటు నుంచి కూడినా మొత్తం అంతే వస్తోంది.

మేనేజర్ గోడ గడియారం వంక చూశాడు, రిజిస్టరు వంక చూశాడు, చివరికి ఒక తెల్లకాగితం లాక్కున్నాడు. రోజూ ఒంటిగంటకు అరగంట విరామం అని రాసి, ఆ రోజు తేదీయే వేసి, ముద్ర గుద్దాడు.

"ఒంటిన్నర దాటి ఒక్క నిమిషం అయిందో, మర్నాడు రానక్కర్లేదు. ఇప్పుడైనా పెడతావా?"

అతను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాకే పెన్ను తీశాడు. ఇరవై ఆరు అబద్ధాలు ఇచ్చి ఒక్క నిజం కొనుక్కున్నాడు. ధర ఎక్కువే. అయినా సరుకు చేతికొచ్చింది.

సరిగ్గా ఒంటిగంటకు మేనేజర్ మూతి ముడుచుకుని కాటా గదిలో కూర్చున్నాడు. కాటా మీదికి వచ్చిన లారీ డ్రైవరు అది చూసి, బయట నిలబడ్డ అతని వైపు కిందికి వంగాడు.

"ఏంటి బావా, ఇవాళ కుర్చీలో సరుకు మారింది?"

"అరగంట విరామం దొరికింది."

"అదృష్టవంతుడివి! ఓ కునుకు తీసి రా. నా వంతు కూడా కలిపి తీయ్!"

అతను నవ్వి గేటు దాటాడు. పోవడానికి నాలుగు నిమిషాలు, రావడానికి నాలుగు. మిగిలేది ఇరవై రెండు. ఇరవైకి తగ్గితే బేరం నష్టమే. సిగ్నల్ దగ్గర పోయిన అర నిమిషాన్ని పరుగులో రాబట్టుకున్నాడు. టీ బండి వాడు "రా అన్నా, ఈ వేళప్పుడు బయట కనబడ్డావేంటి?" అని పిలిచినా ఆగలేదు. నీడలో ఖాళీగా ఉన్న సిమెంటు బల్ల వైపు తల కూడా తిప్పలేదు.

పెద్ద బజారు వెనక కార్ల పార్కింగు గేటు దగ్గర ఆగాడు. అక్కడా ఒక అద్దాల గది, అతనిదానికంటే చిన్నది. దాని ముందు ఎనిమిది కార్లు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. కిటికీలోంచి ఒక చెయ్యి చీటీలు అందిస్తోంది. అతను వెనక్కి వెళ్ళి తలుపు తట్టాడు.

"ఇరవై రెండు," అన్నాడు రొప్పుతూ.

భార్య భోజనం డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. అతను లోపలికెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.