మెత్తబిళ్ల

ఓడరేవులో పైవాళ్లందరి చెవుల్లోనూ మెత్తబిళ్లలే. కింది మనిషి ఎంత కటువుగా అన్నా, ఆ బిళ్ల దాన్ని మర్యాదగా మార్చి వినిపిస్తుంది.

క్రేన్ తాడు తెగి కూలీ పైడిరాజు చెయ్యి పోయిన మర్నాడు, జట్టు నాయకురాలు నూకరత్నం తన బిళ్ల తీసి బల్లమీద పెట్టింది.

"సింహాచలం బాబాయ్, నాలో తప్పేటుందో దాచకుండా చెప్పు."

పాతికేళ్లుగా తాళ్లు చూసే సింహాచలం తల వంచుకున్నాడు.

"తాడు అరిగిపోనాది, పని ఆపండని మూడు రోజులు మొత్తుకున్నానమ్మా."

ఆమెకు ఆ మూడు రోజులూ వినిపించింది ఒకటే: 'వీలైతే తాడు ఓసారి చూడండమ్మా.'

"మరి బిళ్ల తీసి వినమని అనలేకపోయావా?"

"అదీ సెప్పినానమ్మా. మీరు నవ్వి, థాంక్స్ బాబాయ్ అన్నారు."