ఎలుక కొరికిన కుర్చీ

అమ్మలూ,

నువ్వు ఫోనులో అన్నట్టు నేను కుర్చీల మేస్త్రీతో పోట్లాడలేదు. వెటకారమాడాను. దాని ఫలితం పోట్లాటకంటే అధ్వాన్నంగా ఉంది.

మన ఫ్రెంచి ఫ్యాషన్ పాత కుర్చీలు రెండూ పట్టుకెళ్ళడానికి నిన్న వచ్చాడు. నేను చెప్పిన పని ఒక్కటే, చిరిగిన మెత్తలకు కొత్త గుడ్డ వేయమని. అతను మీ తాతయ్య కుర్చీ చుట్టూ తిరిగి, కుడి చెయ్యి చివర బంగారు పూత లేచిపోయి, కర్ర గుంటపడి ఉండడం చూశాడు.

"ఎలుక కొరికిందా, అమ్మగారూ?"

"అవును నాయనా. నలభై ఏళ్ళు నేనే వండి మేపాను దాన్ని."

అతను నవ్వలేదు. జాలిగా చూశాడు.

"బోను పెట్టుకోవలసిందండీ! మీరేం దిగులుపడకండి. లప్పం పెట్టి, పూత వేసి, కొత్తదానిలా చేసిస్తా."

రెండు కుర్చీలూ బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. ఇంత చదువూ చదివి, అతన్ని ఆపి ఉన్నమాట చెప్పాల్సింది పోయి, గుమ్మం దాకా వచ్చి సాగనంపాను.

నేను ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా మీ తాతయ్య ఎదురు చెప్పకుండా, బొటనవేలి గోటితో అక్కడే గీకుతూ కూర్చునేవారు. "కుర్చీ మీద మీకేం పగండీ?" అని రోజూ కసిరేదాన్ని. పోయిన ఏడాది దాకా కసిరాను.

రేపు ఆఫీసుకు వెళ్తూ అతని కొట్టు దగ్గర ఆగు. గుడ్డ తనకు నచ్చిన రంగుదే వేసుకోమను. ఆ కుడి చెయ్యి మాత్రం ముట్టుకోవద్దను. అప్పటికే లప్పం పెట్టేసి ఉంటే, ఆరకముందే నువ్వే గోటితో గీకెయ్యి.

అమ్మమ్మ