కడ్డీ మీద రెండు గాట్లు

కాదు అమ్మలూ, వేట సీజను రేపు కాదు, ఎల్లుండి. నేను చెప్పేది అలా మార్చి రాయి. మా అక్క కొడుకు డ్వైట్‌కి తేల్చుకోవడానికి ఇక గంట కూడా లేదు.

వంటింటి బల్ల మీద రెండు తుపాకులు. రెండూ మూతిలోంచి మందు కూరేవే. ఒకటి కొత్తది. దాని సుత్తి లోపలే దాక్కుంటుంది, వానొచ్చినా తడవదు. రెండోది చనిపోయిన డ్వైట్ నాన్న లోరెన్‌ది. సుత్తి బయటే ఉంటుంది, కాస్త మంచు పడ్డా మొరాయిస్తుంది. కొత్తది కాల్చకుండా ఐదింటిలోపు తెస్తే వెనక్కి తీసుకుంటానన్నాడు కొట్టువాడు. అప్పుడే నాలుగు దాటింది.

ఎల్క్ దుప్పి పర్మిట్ కోసం డ్వైట్ ఏడేళ్ళు కాచుకున్నాడు. ఈ తుపాకులతో ఒక్కటే దెబ్బ. మళ్ళీ మందు కూరేలోగా దుప్పి కొండ దాటేస్తుంది.

"కొత్తదే తీసుకెళ్తా," అన్నాడు. అని, గోడ మీది దుప్పి తలకేసి చూశాడు. ఒక్కో కొమ్ముకీ ఆరేసి కొమ్మలు. "కానీ అమ్మా, నాన్న దీంతోనే కదా దాన్ని ఒక్క దెబ్బకి పడగొట్టాడు! దీని చెయ్యి మంచిది."

"తుపాకీకి చెయ్యెక్కడిదిరా?" అంది మా అక్క మావిస్, రొట్టెల పిండి పిసుకుతూ.

"అయితే కొత్తదేనా?"

"నేనట్లా అన్నానా?"

ఇంతలో ఫోను. డెన్వర్ నుంచి అన్న కర్టిస్.

"ఒరేయ్, నువ్వు కొత్తది కొన్నావుగా! నాన్న ఆ దుప్పిని దేంతో పడగొట్టాడో అది నాకు రావాలి. పెద్దకొడుకుని నేను."

"అపార్టుమెంటులో పావురాల్ని కొడతావా అన్నయ్యా?"

"నా ఇష్టం. గోడకి పెట్టుకుంటా."

డ్వైట్ ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. ఇప్పుడు నాన్న తుపాకీ మీద ఇంకా మనసు పుట్టింది.

"ముందు లోపలేముందో చూసుకోరా," అంది మావిస్. "ఆ దుప్పి దొరికిన రోజు ఈ తుపాకీ గోడకెక్కింది. పాతికేళ్ళయింది, ఇవాళ్టిదాకా ఎవరూ దింపలేదు."

లోరెన్ కూరే కడ్డీ మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. గొట్టం ఖాళీగా ఉంటే ఒక గాటు మూతి దగ్గరికొస్తుంది, మందూ గుండూ ఉంటే రెండోది. డ్వైట్ కడ్డీ దించాడు. అది రెండు గాట్లకీ మధ్యలో ఆగింది.

"ఇదేమిటి, ఖాళీ కాదు, నిండుగానూ లేదు!"

మళ్ళీ దించాడు. మళ్ళీ అక్కడే. కడ్డీ కొసకి మర బిగించి, లోపలున్నదాన్ని తిప్పి తిప్పి లాగాడు. గుండు వచ్చింది, దానికి చుట్టిన గుడ్డ కూడా వచ్చింది. గొట్టం బోర్లించి తట్టాడు. చిటికెడు మందు రాలలేదు.

"మందు పొయ్యకుండానే గుండు దించేశాడమ్మా!"

గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాడు. బయట పైన్ చెట్ల కింద లోరెన్ పాత పికప్ బండి, ముందు దీపం ఒకటి లేకుండా, మూతి సొట్టబోయి, ఎప్పట్లాగే నిలబడి ఉంది. గుడ్డ తెల్లగా ఉంది. ఒక్కసారి పేలిన గొట్టంలోకి దిగినా అది మసిబారి ఉండాలి.

"అమ్మా, ఆ రోజు ఈ తుపాకీ పేలనే లేదు."

మావిస్ చేతుల పిండి దులుపుకుంది. "టప్‌మంది. అంతే. సుత్తి కింద నిప్పు పుట్టించే క్యాపు ఒక్కటే పేలింది."

"మరి దుప్పి?"

"ఆ చప్పుడుకి బెదిరి కొండ దిగి పరిగెత్తింది. కింద రోడ్డు మీద నేను మీ నాన్నని ఎక్కించుకోడానికి బండిలో వస్తున్నా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. స్టీరింగూ మళ్ళీ ముట్టలేదు."

డ్వైట్ దుప్పి తలకేసి చూశాడు, తుపాకీకేసి చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఖరికి చాకు తీసి కొత్త తుపాకీ కడ్డీ మీద జాగ్రత్తగా రెండు గాట్లు పెట్టుకున్నాడు.

ఇక చాలు అమ్మలూ. ఇదంతా ఫోనులో కర్టిస్‌కి చదివి వినిపించు. ఆ దుప్పిని పడగొట్టిందేదో అది అతనికే ఇచ్చేస్తుందట మా అక్క. వచ్చేటప్పుడు ఒక బ్యాటరీ, నాలుగు టైర్లు తెచ్చుకోమంది.